అచ్చంపేటలు రెండు

తెలుగునాట అచ్చంపేట అంటే ముందు నాగర్‌కర్నూలు జిల్లాది గుర్తొస్తుంది చాలామందికి. మాది పల్నాడు అచ్చంపేట. 2022 ఏప్రిల్ 4 దాకా గుంటూరు జిల్లా. మ్యాపుల్లో ఈ తేడా ఎవరు దిద్దాలి? ఎక్కడో కూర్చున్న ప్రోగ్రామరా?

దిద్దాల్సింది మనమే. కానీ అందరూ కలిసి చేసే ఇలాంటి ఓపెన్ సోర్స్ పని అనగానే మన పిల్లలు కోడ్ రాదంటూ వెనక్కి తగ్గుతారు. కోడ్ సంగతి తర్వాత. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. దాన్ని దిద్దడానికున్న స్ట్రీట్‌కంప్లీట్ యాప్ ఫోన్‌లో వేసుకుని బజారుకెళ్తే అదే అడుగుతుంది: ఈ రోడ్డు తారుదా, సిమెంటుదా, మట్టిదా? ఈ కొట్టు ఇంకా ఉందా? ఏ డొంక మట్టిదో మిరపకోతలకు పోయేవాళ్లకు తెలిసినంత ఉపగ్రహానికేం తెలుసు!

ఫైర్‌ఫాక్స్‌కు తెలుగు మాటలు పాంటూన్ అనే అనువాద సైట్‌లో సూచించవచ్చు, అదీ మంచి పనే. నాకు మాత్రం తప్పులు పట్టి చెప్పడమే ఇష్టం. ఏదైనా ఓపెన్ సోర్స్ యాప్‌లో ‘లక్ష్మి’ అన్న పేరులో మ వత్తు విడిపోయి పక్కకు జారిందనుకోండి. తెలుగు రాని ప్రోగ్రామర్‌కు అది తప్పని తట్టనే తట్టదు. ఏ ఫోను, ఏ వెర్షను, ఏం నొక్కితే ఏమైందో రాసి గిట్‌హబ్‌లో ఆ యాప్ పేజీలో ఇష్యూ (ఫిర్యాదు) పెట్టాలి. ‘పనిచేయట్లేదు’ అని ఒక్క ముక్క రాస్తే ఎవరికీ పనికిరాదు. అదే ఫిర్యాదు అప్పటికే ఉందేమో ముందు వెతకాలి. అవతల చూసేవాళ్లలో చాలామంది జీతం లేకుండా చేస్తున్నవాళ్లే పాపం. ఇంగ్లీషు తడబడినా ఫర్వాలేదు, స్క్రీన్‌షాట్ జతచేస్తే సగం విషయం అదే చెప్తుంది.