చౌమహల్లా తోట, మా మదర్సా గోడ

చౌమహల్లా రాజప్రాసాదానికి శుక్రవారం సెలవు. మా మదర్సాకు కూడా శుక్రవారమే సెలవు. మూడు దశాబ్దాలుగా దానికి కూతవేటు దూరంలో పాఠాలు చెబుతూ కూడా ఒక్కసారైనా ఆ గేటు దాటి లోపలికి వెళ్ళకపోవడానికి నేను ఈ సాకునే చెప్పుకుంటూ వచ్చాను. ఈ ఏడు డిసెంబరులో అర్ధసంవత్సర పరీక్షలు ముగిశాక, ఒక శనివారం ఉదయం, ఖిల్వత్ గడియారం కింద నిలబడి టికెట్టు కొన్నాను. నా పక్కన డెబ్బై ఏళ్ళ మేస్త్రి ఉన్నాడు. చలికి తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. మేము వచ్చింది రాజుల వైభవం చూడటానికి కాదు, గోడలు చూడటానికి.

అది ఎందుకో చెప్పాలంటే ముందు మా గోడ సంగతి చెప్పాలి.

మా మదర్సా నడుస్తున్నది హుసేనీ ఆలం వైపు ఉన్న ఒక పాత డ్యోఢీలో. ఒక పుణ్యాత్మురాలు దానిని విద్యార్థుల కోసం వక్ఫ్ చేసి వెళ్ళింది. రెండు మూరల మందాన రాతి గోడలు, టేకు దూలాలు, నడుమ ఆంగన్, అందులో ఒక చిన్న హౌజ్, దాని ఒడ్డున దానిమ్మ చెట్టు. నేను కొత్తగా వచ్చిన రోజులలో చలికాలం వచ్చిందంటే ఆ ఆంగన్‌లో బంతి, చామంతి, దేశవాళీ గులాబీ పూసేవి. మగ్రిబ్ అజాన్ వేళ ఆ వాసన తరగతి గదులలోకి వచ్చేది. పిల్లలు వుజూ చేసి మట్టి కాళ్ళతో చాపల మీదికి వస్తున్నారన్న ఫిర్యాదు మాత్రం ఏటా ఉండేది.

నాలుగేళ్ళ క్రితం మరమ్మతుల బాధ్యతను కమిటీ నాకు అప్పగించింది. నేను చేసిన పని ఇది: రాలిపోతున్న పాత సున్నపు పూతను గీకించి ఉత్తరపు గోడకు లోపలా వెలుపలా సిమెంటు వేయించాను. ఆంగన్ మొత్తాన్ని సిమెంటుతో పరిపించాను. దానిమ్మ చెట్టు చుట్టూ జానెడు వెడల్పున మట్టి వదిలాను, అంతే. పని పదిహేను రోజులలో ముగిసింది. అందరూ మెచ్చుకున్నారు. నేనూ సంతోషించాను.

తరువాతి వానాకాలానికే గోడకు చెమట పట్టింది. ఆ మరుసటి ఏడు సిమెంటు పొర ఉబ్బి, దాని అంచుల వెంట ఉప్పు తెల్లగా పూసింది. ఆ గోడకు ఆనించిన అల్మారాలో మా ఫిఖ్ హ్ గ్రంథాలు ఉంటాయి. ‘హిదాయా’ ప్రతుల అట్టలకు బూజు పట్టింది. ఈ ఏడు వానల తరువాత అటకకు చేరిన ఒక దూలం కొస గోడలోనే మెత్తబడిపోయిందని తేలింది. దాని కింద నలభై ఇద్దరు పిల్లలు నిద్రపోతారు.

కమిటీ సమావేశమైంది. మొత్తం కూలగొట్టి మూడంతస్తుల స్లాబు భవనం కడదామని ఎక్కువమంది అన్నారు. నేను మౌనంగా ఉన్నాను, ఎందుకంటే ఆ గోడను చెడగొట్టినవాడిని నేనే. పిల్లలను ఆ రాత్రే తూర్పు గదులలోకి మార్చాము. ఆ తరువాత ఎవరో చెబితే మహబూబ్‌నగర్ వైపు పల్లె నుండి ఈ మేస్త్రిని పిలిపించాను. ఆయన గోడను తట్టి చూశాడు, సిమెంటు పెళ్ళను గోటితో ఊడదీశాడు, వెనుక నల్లబడిన తడిని నాకు చూపించాడు.

“మౌల్సాబ్, గోడకు ఊపిరి ఆడాలె. మీరు దాని మూతి మూసిండ్రు” అన్నాడు. “కూలగొట్టుడు ఎప్పుడైనా కూలగొట్టొచ్చు. ఒక్కసారి చౌమహల్లా పోయి చూసొద్దాం రాండ్రి.”

అలా వచ్చాము.

గేటు దాటి ఉత్తరపు ప్రాంగణంలోకి అడుగు పెట్టగానే లాడ్ బజార్ సందడి ఎక్కడో వెనుకబడిపోయింది. ఎదురుగా పొడవాటి నీటి తటాకం, ఫవ్వారాలు, రెండు వైపులా పచ్చిక, వాటికి ఆవల ఖిల్వత్ ముబారక్ తెల్లని ముఖం. ఆసఫ్‌జాహీల దర్బారు మందిరం ఇదే. లోపల పాలరాతి వేదిక, దాని పైకప్పు నుండి వ్రేలాడే 19 బెల్జియం స్ఫటిక దీపగుచ్ఛాలు. 1967లో ఎనిమిదవ నిజాం ముకర్రం జాహ్ పట్టాభిషేకం ఈ ప్రాసాదంలోనే జరిగింది. 2023 జనవరిలో ఆయన భౌతికకాయాన్ని ఇస్తాంబుల్ నుండి తెచ్చి ప్రజల సందర్శనార్థం ఉంచినది కూడా ఇక్కడే. ఆ రోజు నేను మక్కా మసీదులో జనాజా నమాజు దగ్గర నిలబడ్డానే గాని ఇటువైపు రాలేదు.

ఈ కట్టడం ఒక్క రోజున లేచినది కాదు. 18వ శతాబ్ది మధ్యలో, ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో 1751లో గద్దెనెక్కిన సలాబత్ జంగ్ కాలంలో మొదలై, 1857 నుండి 1869 వరకు పాలించిన అఫ్జలుద్దౌలా హయాంలో పూర్తయింది. అంటే నూరేళ్ళ పైచిలుకు. అఫ్జల్, మహతాబ్, తహనియత్, ఆఫ్తాబ్ అనే నాలుగు మహళ్ళు దక్షిణపు ప్రాంగణంలో ఒక కొలను చుట్టూ ఎదురెదురుగా ఉన్నాయి. చౌమహల్లా అన్న పేరు వాటి వల్లనే. ఒకప్పుడు సుమారు 45 ఎకరాలలో ఉండేదని చెప్పే ఈ ఆవరణలో ఇప్పుడు మిగిలింది 12 ఎకరాలే. మిగిలినది ఊరి కడుపులో కలిసిపోయింది.

మేస్త్రికి దీపగుచ్ఛాల మీద ఆసక్తి లేదు. సందర్శకులంతా పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ కారు వైపు పోతూ ఉంటే ఆయన ఒక కమాను మూలకు వెళ్ళి కూర్చున్నాడు. పైన తీగలు, ఆకులు, పూలు – అన్నీ గచ్చుతో తీర్చినవి. ‘గచ్చు’ అని మనం తెలుగులో అనే మాట పార్శీ చదివినవాడికి ‘గచ్’ లాగానే వినిపిస్తుంది. ఇంతకాలం ఈ రెండింటినీ ఒకేచోట ఆలోచించలేదు.

“ఇది గానుగ సున్నం” అన్నాడాయన. తరువాత అరగంటసేపు నేను విద్యార్థిని, ఆయన ఉస్తాద్.

కాల్చిన సున్నపురాయిని నీటిలో వేస్తే కుతకుత ఉడికి విరిగిపోతుంది. దానిని వడగట్టి, గుంటలో నీటి కింద వారాల తరబడి నిలవ ఉంచాలి. ఎంత నిలవ ఉంటే అంత వెన్నలా అవుతుంది. ఆపైన ఇసుకతో కలిపి రాతి గానుగలో నూరాలి. బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీరు పోస్తారు. పూతకు పట్టు వచ్చేది వీటితోనే. గోడకు పట్టించిన తరువాత సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును నెమ్మదిగా పీల్చుకుంటూ మళ్ళీ రాయిగా మారుతుంది. రాయి నుండి వచ్చినది తిరిగి రాయి అవుతుంది. ఆ పూతలో సన్నని రంధ్రాలు మిగిలే ఉంటాయి గనుక గోడలోకి ఎక్కిన తడి బయటికి పోగలుగుతుంది. సిమెంటు అలా కాదు, గట్టిది, మూసుకుపోయేది. మెత్తని పాత గోడ మీద గట్టి పొర వేస్తే ఎండకూ వానకూ రెండూ ఒకే తీరున కదలవు. సన్నని చీలికలు పడతాయి. నీరు లోపలికి పోతుంది, బయటికి రాదు. దారి దొరికేది దూలానికే.

“మరి ఇప్పుడే ఎందుకు రమ్మన్నావు?” అని అడిగాను.

“చలికాలమే సున్నానికి కాలం. ఎండల్ల పైపైన ఆరి పర్రెలు వడ్తది. వానల్ల ఆరనే ఆరదు.”

తోటకు కూడా ఇదే కాలమని నేను గమనించింది అక్కడే. హైదరాబాదులో పూలు పూసేది వసంతంలో కాదు, ఈ రెండు మూడు చలి నెలలలోనే. వానలు వెనుకబట్టాక నాటిన నారు డిసెంబరుకు పూతకు వస్తుంది, మార్చి ఎండకు వాలిపోతుంది. దక్షిణపు ప్రాంగణంలో కొలను అంచున కూర్చుని ఉండగా ఒక తోటమాలి పచ్చికకు నీరు పెడుతున్నాడు. మేస్త్రి ఆ నీరు ఎటు పోతున్నదో చూడమన్నాడు. మట్టిలోకి ఇంకుతున్నది. నీటిని తాగే నేల ఇంత ఉన్నచోట గోడ కాళ్ళకు ఆ బాధ తక్కువ. మా ఆంగన్‌లో కురిసిన వాన సిమెంటు మీద జారి ఎక్కడికి పోతుంది? గోడ మొదలుకే. అంటే నేను గోడను మాత్రమే చెడగొట్టలేదు. తోటను మూసివేసినప్పుడే గోడకు నీటిని పంపించాను.

నలుచదరపు తోట, నడుమ నీరు – ఈ అమరికను పార్శీలో చార్‌బాగ్ అంటారు. విశ్వాసులకు వాగ్దానం చేయబడిన స్వర్గవనాలను, వాటి కింద ప్రవహించే సెలయేళ్ళను తలచుకునే మనసులకు ఈ రూపం ఎందుకంత ప్రీతిపాత్రమో నేను విడమరచనక్కరలేదు. కానీ తోటను అందం కోసమని మాత్రమే అనుకునేవాడిని. అది ఇంటికి మురుగు కాలువ పని కూడా చేస్తుందని ఒక సున్నపు మేస్త్రి చెప్పేదాకా తెలియదు.

ఈ ప్రాసాదం కూడా ఎప్పుడూ ఇలా లేదు. వారసత్వ వ్యాజ్యాల నడుమ ఏళ్ళ తరబడి తాళాలు పడి, దుమ్ము పట్టి, పైకప్పులు కారుతూ ఉండేది. 2000 ప్రాంతంలో ముకర్రం జాహ్ మాజీ సతీమణి, తుర్కీ దేశస్థురాలైన యువరాణి ఎస్రా పూనుకుని, వాస్తుశిల్పి రాహుల్ మెహరోత్రా సాయంతో పునరుద్ధరణ ప్రారంభించారు. 2005లో ప్రజలకు తెరిచారు. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం లభించింది. ఇటువంటిదే ఇంకా పెద్ద పని గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల వద్ద జరిగింది. ఆగాఖాన్ ట్రస్టు 2013లో మొదలుపెట్టి 2024 వరకు సాగించింది. అక్కడి పనివారు గత శతాబ్దంలో గుంబజుల మీద వేసిన సిమెంటును తొలగించి మళ్ళీ సున్నం పూశారు. 2013 వానలకు బడీ బావోలీ ఒక పక్క కూలిపోతే ఆ రాళ్ళనే ఏరి తిరిగి నిలబెట్టారు. సిమెంటు వేసిన తప్పు నా ఒక్కడిదే కాదని తెలిసి కొంత ఊరట కలిగింది. ఆ ఊరట ఎంతోసేపు నిలవలేదు. వారికి పదకొండేళ్ళ సమయం, దేశదేశాల దాతలు. మాకు నెలసరి చందాల రసీదు పుస్తకం.

కమిటీ అధ్యక్షుల వాదనలో న్యాయం లేకపోలేదు. పిల్లల సంఖ్య పెరుగుతున్నది. తల మీద దూలం పడితే అల్లాహ్ ముందు జవాబు చెప్పవలసినది మనమే. పాతది గనుక పవిత్రమని అనుకోవడం కూడా ధర్మం కాదు. ఇది నేను ఒప్పుకుంటాను. పాతబస్తీలో నిలబెట్టలేని ఇళ్ళను నిలబెడతామని పట్టుబట్టి ప్రాణాలను పందెం పెట్టేవారిని చూశాను, వారిని నేను సమర్థించను.

కానీ తిరుగు దారిలో మోతీగల్లీ దాటుతూ ఉండగా నన్ను పట్టుకున్నది వేరొక ఆలోచన. ‘హిదాయా’లో వక్ఫ్ అధ్యాయాన్ని నేను ఇరవైసార్లకు పైగా బోధించి ఉంటాను. వక్ఫ్ రాబడిలో మొట్టమొదటి ఖర్చు దాని ఇమారత్, అంటే దాని బాగోగులు, మరమ్మతులు. దాత ఆ షరతు పెట్టినా పెట్టకపోయినా సరే. ఆస్తి నిలిస్తేనే దాత కోరిన పుణ్యం కొనసాగుతుందన్నది అందులోని తర్కం. ఈ పాఠం చెబుతున్న గదిలోనే, నా వీపు వెనుక, ఆ గోడ నానుతున్నది. మేము ఏటా చందా వసూలు చేసింది భోజనాలకు, జీతాలకు, పుస్తకాలకు. గోడ పేరిట ఒక్క ఏడాదైనా పక్కన పెట్టలేదు.

మరుసటి సమావేశంలో ఇదే చెప్పాను. సిమెంటు నిర్ణయం నాదని, దానివల్ల జరిగిన నష్టం కూడా నా లెక్కలో వేయమని అన్నాను. పెద్ద వాగ్వాదమేమీ జరగలేదు. ఒక సభ్యుడు మాత్రం, “మౌలానా, సున్నం ఆరేలోపు పిల్లలు ఫాజిల్ పూర్తి చేసి వెళ్ళిపోతారు” అని నవ్వాడు. ఇంజనీరు చేత తనిఖీ చేయించాము. మిగతా దూలాలు గట్టిగానే ఉన్నాయని, కుళ్ళిన దానిని మార్చవచ్చని ఆయన అన్నాడు. చివరికి తేలినది ఇది: ఈ చలికాలం ఉత్తరపు గోడ ఒక్కటి, దాని ముందున్న సగం ఆంగన్. వచ్చే వానాకాలం ఆ గోడ పొడిగా నిలిస్తే మిగతాది చేస్తాము. నిలవకపోతే స్లాబు ప్రస్తావన మళ్ళీ వస్తుంది. అప్పుడు నేను అడ్డుచెప్పను.

సిమెంటు పగలగొట్టిన రోజున కింద పాత మట్టి కనిపించింది. నాలుగేళ్ళుగా వెలుగు చూడని మట్టి, వాసన కూడా లేదు. పెంటఎరువు కలిపి బంతి నారు పెట్టాము. కాలం దాటిపోయిందని, ఈ ఏటికి పూతకు రావడం కష్టమని తోట తెలిసినవారు అంటున్నారు. మేస్త్రి తన కొడుకును కూడా పనికి రమ్మన్నాడు గాని ఆ అబ్బాయి సెల్‌ఫోన్ల దుకాణంలో ఉంటాడట, రాలేదు. బదులుగా మా పెద్ద తరగతి పిల్లలు ఇద్దరు ఆయన వెంట తిరుగుతున్నారు. “తాతా, గానుగ లేకపోతే ఎట్ల నూరాలె?” అని ఒకడు అడుగుతూ ఉండగా విన్నాను.

హౌజ్ పక్కన తవ్విన గుంటలో సున్నం నానుతున్నది. చుట్టూ తడిక కట్టించాము, చిన్నపిల్లలు అటు పోకుండా. పైన నాలుగు వేళ్ళ నీరు ఎప్పుడూ నిలిచి ఉండాలని మేస్త్రి ఆజ్ఞ. ఫజ్ర్ తరువాత ఆ నీటిని కొలిచి నింపే వంతు ఈ వారం హిఫ్జ్ తరగతి వారిది.