నాగార్జునకొండకు నావపై

మా రొంపిచెర్ల పొలములకు పాఱు నీరు నాగార్జునసాగరము కుడికాలువనుండి వచ్చుచున్నదని మా యూరి పసిపిల్లలకును తెలియును. ఆ జలాశయము క్రింద పూర్వపు రాజధాని యొకటి మునిగియున్నదని మాత్రము కొందఱే తలంతురు. ఆ చోటు చూడఁగోరి మేము వేకువనే పులిహోరయు, కూజానిండ నీరును గొని, మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరి లాంచి యెక్కితిమి.

ఒడ్డు చేరువను జాలరులు పుట్టిలో కూర్చుండి, ఒక్క తెడ్డుతో దానిని నడుపుకొనుచు వలలు తీయుచుండిరి. వెదురుతో నల్లిన ఆ గుండ్రని పుట్టికి ముందువెనుకలు లేవు. తెడ్డు ఏమఱినచో గిఱ్ఱున తిరుగును. మా లాంచి లేపిన అలపై అది తేలియాడుట చూడ ముచ్చటయయ్యెను.

సుమారు గంటకు కొండ చేరితిమి. ఇది మొదట ద్వీపము గాదు, కృష్ణలోయలోని కొండ. క్రీ.శ. 3, 4 శతాబ్దములలో ఇక్ష్వాకుల విజయపురి దీని చెంతనే వెలసెను. 1926లో శిథిలములు బయల్పడెను. ఆనకట్టచే లోయ మునుగునని యెఱిగి, 1954 మొదలు 1960 వఱకు త్రవ్వకములు సాగించి, కొన్ని కట్టడములను విప్పి కొండపైనను, అనుపు వద్దను మరల నిలిపిరి. ఆనకట్టకు శంకుస్థాపన 1955 డిసెంబరు 10న జరిగెను.

మ్యూజియములోని శిల్పములు మనోహరములు. అయినను నా మనస్సును పట్టి నిలిపినది చాంతిసిరి వృత్తాంతము. ఈమె శాంతమూల మహారాజు సోదరి, వీరపురుషదత్తుని మేనత్త. మహాచైత్యమునకు స్తంభములు నెత్తించిన మహాదాత్రి. తన ఉభయవంశములలో గడచినవారిని, రాబోవువారిని తలంచి, తనకు నిర్వాణమును, లోకమున కెల్ల హితసుఖములను గోరి ఈ దానము చేసినట్లు ప్రాకృతశాసనములు చెప్పుచున్నవి. పుట్టినింటిని, మెట్టినింటిని సమముగా తలంచు గృహిణుల కీ మాట క్రొత్తది గాదు. పదునేడు శతాబ్దములకు పూర్వమే యొక స్త్రీ దానిని ఱాతిపై వ్రాయించుట మనకు గర్వకారణము.

తిరుగుదారిలో అనుపు వద్ద నలువైపుల మెట్లున్న ప్రాచీన రంగస్థలమున కూర్చుండి భుజించితిమి. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడువఁబడెను. మెట్టపైరులు తప్ప ఎఱుగని చేలకు మాగాణిభాగ్యము గలిగెను. అందులకై లోయలోని పల్లెలవారు ఇండ్లు విడిచిరి. తాము నీరుపోసి పెంచిన తులసికోటలు సయితము నీటిపాలగుట చూచిన తల్లుల దుఃఖము ఏ శాసనమునకును ఎక్కలేదు.

చూడఁగోరు సోదరీమణులు లాంచి నడచు దినములను ముందుగా విచారించుకొని, ఎండ ముదురకమునుపే బయలుదేఱవలెను. పిల్లలను తప్పక వెంటఁగొని పోవుఁడు. అన్నము వడ్డించునపుడు చాంతిసిరి దానముతోపాటు ఆ పల్లెల త్యాగమును గూడ వారికి చెప్పుట మన విధి.