తీతువు ఎందుకు అరిచింది

తీతువు పిట్ట పేరెత్తితే మా షోలాపూర్ బస్తీల్లో ముసలోళ్లు ఇప్పటికీ "అబ్బో, దాని ఊసెందుకు" అంటారు. రాత్రిపూట అది అరిస్తే ఇంట్లో చావు తప్పదని మా అమ్మ నమ్మేది. మరాఠీవాళ్లు దాన్ని టిటవీ అంటారు. వాళ్లకూ అదే భయం.

నేను మిల్లులో చేరిన కొత్తలో నాది రెండో పాళీ. రాత్రి పన్నెండుకు భోంగా మోగితే పది పన్నెండు మందిమి కలిసి ఊరి బయటి బీడు మీదుగా ఇంటికి వచ్చేవాళ్లం. ఆ బీడును మేము మాళ్ అంటం. కాలిబాట ఎక్కంగనే తీతువులు లేచి మా నెత్తి మీద తిరుక్కుంట అరిచేవి.

ఆ ఎండకాలం మా నాయన మంచాన పడ్డడు. వరుసగా నాలుగు రాత్రులు ఆ అరుపు మా ఇంటి దాకా వినపడ్డది. అమ్మ ఏడ్చింది. అయిదో రోజు పొద్దున్నే నేను కర్ర పట్టుకొని పోయిన. గూడు అనడానికి ఏమీ లేదు. నేల మీద చిన్న గుంట, చుట్టూ గులకరాళ్లు, మట్టి రంగు మీద నల్ల మచ్చలున్న నాలుగు గుడ్లు. నాలుగూ పగలగొట్టిన. నాయన ఆ వారమే పోయిండు.

మిల్లు మూతపడ్డ తర్వాత, అదే మాళ్ మీద ప్లాట్లు వేస్తుంటే నాకు కాపలా పని దొరికింది. పగలంతా కూర్చునుడే. అప్పుడు ఆ పిట్టను సరిగ్గా చూసిన. మిట్టమధ్యాహ్నం నీళ్ల గుంటకు పోయి, పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూర్చుంటది. కుక్క వస్తే రెక్క విరిగినట్టు కుంటుకుంట దాన్ని దూరం తీసుకపోతది. నెల రోజులకు గుడ్లు పగిలి పిల్లలు వచ్చినయి. ఆ రోజే పరుగెత్తినయి. మనిషి ఆ పక్కకు పోతే చాలు, తల్లి అరుస్తది.

నాకు అప్పుడు తెలిసింది. ఆ రాత్రుల్లో అది మా నాయన కోసం అరవలేదు. గుడ్ల పక్కనుంచి పోతున్న మా కాళ్లను చూసి అరిచింది.

ఇప్పుడు ఆ ప్లాట్ల నిండ ఇండ్లే. ముఖం మీద ఎర్ర తోలు ఉన్న తీతువు చెరువుల దగ్గర ఇంకా కనిపిస్తది. పసుపు తోలు ఉన్నది ఎండిన మాళ్ మీదనే గుడ్లు పెడతది. దాన్ని చూసి నాకు చాలా ఏండ్లయింది. మన నాన్నజ్ దగ్గర 1979లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం పెట్టిండ్రు. ఆ పిట్ట కూడా మాళ్‌దే, అదీ కరువైపోయింది. మాళ్‌ను కాగితాల మీద పడీక్ జమీన్ అని రాస్తరు. ఎవరికీ పనికిరాదని ఒకచోట దున్నుతరు, ఒకచోట ప్లాట్లు వేస్తరు, ఒకచోట మంచిదే అనుకొని చెట్లు నాటుతరు. బీడు నేలల పక్షులు దేశమంతా తగ్గుతున్నయని 2023లో వచ్చిన నివేదిక కూడా చెప్పింది.

మొన్న మా మనవడు "తాతా, తీతువు ఎట్లుంటది?" అని అడిగితే హిప్పర్గా చెరువు దాకా తీసుకపోయిన. గట్టు దిగంగనే ఒకటి లేచి అరిచింది. పిల్లగాడు భయపడి నన్ను పట్టుకున్నడు. "భయపడకు బిడ్డా, దాని పిల్లలు ఇక్కడనే ఉన్నయేమో" అని వాని చెయ్యి పట్టుకొని వెనక్కి నడిచినం. కొంచెం దూరం పోయినంక అది ఊరుకున్నది.

ఎండకాలంలో మీ బస్తీ పక్కన తీతువు అరిస్తే రాయి తీయకండి. పది అడుగులు వెనక్కి నడవండి.