పాత డాక్ చాలదా?

కంప్యూటర్‌లో దాచుకున్న పాట నిజానికి ఒక అంకెల వరుస. సీడీ లెక్కన అయితే ఒక్క సెకను పాటకు ఒక్కో చెవికి 44,100 అంకెలు. వాటిని స్పీకర్‌ను కదిలించే కరెంటుగా మార్చేదే డాక్, అంటే డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్. ప్రతి ఫోన్‌లోనూ, లాప్‌టాప్‌లోనూ ఆ పని చేసే చిప్పు ఒకటి ఉంటుంది. పాటల మీద మమకారం ఎక్కువున్నవాళ్లం దానితో సరిపెట్టుకోలేక, యూఎస్‌బీకి తగిలించే చిన్న డబ్బా విడిగా కొనుక్కుంటాం. హనుమకొండలో మా ఇంట్లో నా బల్ల మీద అలాంటిది ఏళ్లుగా ఉంది. కొత్త డబ్బాల మీద 32 బిట్లు, 384 కిలోహెర్ట్జ్ అని చూసినప్పుడు, దీన్ని మార్చే రోజు వచ్చిందా అన్న ఆలోచన నాకూ వచ్చింది. ఇష్టమైన గొంతులో మనకింకా వినపడనిది ఏదో మిగిలిపోయిందంటే ఎవరికి ఆశ పుట్టదు?

ముందు ఆ అంకెల సంగతి చూడాలి. 1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీది 16 బిట్ల లెక్క. ఒక్కో నమూనాకు, అంటే పైన చెప్పిన ఒక్కో అంకెకు, 65,536 మెట్లు, అన్నిటికన్నా మెల్లని ధ్వనికీ పెద్ద ధ్వనికీ మధ్య సుమారు 96 డెసిబెళ్ల ఎడం. ఇక మే నెల ఓరుగల్లులో ఫ్యాన్ ఆపి పాట వినగలవాళ్లెవరు? ఫ్యాన్ తిరిగే గదిలో 40 డెసిబెళ్ల చప్పుడైనా ఉంటుంది. పాటలోని అతి మెల్లని ధ్వని దానిపైన వినపడాలంటే, పెద్ద ధ్వని 136 డెసిబెళ్లకు చేరాలి. అది చెవి నొప్పిని మించిన మోత. అంటే 16 బిట్లే మన గదికి ఎక్కువ. పౌనఃపున్యం సంగతీ అంతే. నైక్విస్ట్, షానన్ సిద్ధాంతం ప్రకారం సెకనుకు 44,100 నమూనాలుంటే 20 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న ధ్వనిని పూర్తిగా తిరిగి రాబట్టవచ్చు. పసిచెవికి వినపడే హద్దు అది. వయసు పైబడే కొద్దీ ఆ హద్దు కిందికే దిగుతుంది.

అలాగని డాక్‌లన్నీ ఒకటే అనలేం. లాప్‌టాప్ లోపలి చిప్పు పక్కనే రకరకాల కరెంట్లు పరుగెడుతుంటాయి. మౌస్ కదిపితే హెడ్‌ఫోన్లో గరగర వినపడేది అందుకే. మూడు వందల ఓమ్‌ల హెడ్‌ఫోన్ తగిలిస్తే కొన్ని లాప్‌టాప్‌లలో గొంతు పైకి లేవదు. ఇలాంటి బాధలు ఉన్నవాళ్లకు మంచి డాక్, దానితోపాటు ఆంప్లిఫయర్ తప్పకుండా మేలు చేస్తాయి. బ్లూటూత్ హెడ్‌సెట్ వాడేవాళ్లకు మాత్రం బల్ల మీది డాక్‌తో పనే లేదు. అంకెలు పాటగా మారేది ఆ హెడ్‌సెట్ లోపలే.

మా ఇంట్లో బాధ వేరు. స్పీకర్లలో సన్నగా గుయ్యిమనే మోత. మా తమ్ముడి కొడుకు వచ్చి కాసేపు విని, "పెద్దబాపూ, ఆ గుయ్యి డాక్‌ది కాదు. జర చార్జర్ పీకి చూడు" అన్నాడు. పీకగానే మోత ఆగింది. మళ్లీ పెట్టి, లాప్‌టాప్ లోహపు మూతను మణికట్టుతో తాకితే సన్నగా జిల్లుమంది. ఎర్త్ మీద అనుమానం వచ్చింది. గోడకు మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన పైనున్న పెద్ద రంధ్రం వెనక ఎర్త్ ఉన్నట్టు కాదు. మన పాత ఇళ్లలో చాలాచోట్ల అక్కడ తీగే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ సరిచేయించాక 50 హెర్ట్జ్ మోత పోయింది. పాట కోసమే కాదు, ప్రాణానికీ అది అవసరమైన మరమ్మతు.

ఆ తర్వాత తెలిసినవాళ్ల దగ్గర కొత్త డాక్ ఒకటి అడిగి తెచ్చి, రెండింటినీ పక్కపక్కన పెట్టి విన్నాం. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ధ్వని రవ్వంత పెద్దదైనా చెవికి అదే బాగున్నట్టు తోస్తుంది. అందుకని వంద హెర్ట్జ్ స్వరం మోగించి, మామూలు మల్టీమీటర్‌తో రెండింటి వోల్టేజీని కొలిచి సమానం చేశాం. ఏది మోగుతోందో నాకు చెప్పకుండా పిల్లవాడు మారుస్తూ పోయాడు. వినడానికి 1963 నాటి లవకుశ పాటలు ఎంచుకున్నాను. లీల, సుశీల గొంతులు కలిసినప్పుడు ఎవరిది ఎక్కడ తేలుతుంది, ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకున్నారు అని కళ్లు మూసుకుని వెతకడం కన్నా మంచి పరీక్ష నాకు తెలియదు. ఎంతసేపు విన్నా రెండు డాక్‌లకూ తేడా పట్టలేకపోయాను. హెడ్‌ఫోన్ మార్చగానే మాత్రం రెండు గొంతులూ విడివిడిగా నిలబడ్డాయి. యూట్యూబ్ కాపీ తీసేసి మంచి ఫైలు పెడితే తాళాల అంచు తేటపడింది. వెనక వినిపించే సన్నని బుస ఎప్పటి టేపుదో. దాన్ని ఏ డాక్ కూడా తీసేయలేదు.

బావిలో ఉంటేనే కదా చేదలోకి వచ్చేది. పాట బాగోగులు ముందు రికార్డింగ్‌లో, తర్వాత ఫైలులో, ఆపైన స్పీకర్‌లో, గదిలో తేలతాయి. మోత, గరగర లేని డాక్ తన పని తాను చేసినట్టే.

అందుకే కొత్త డాక్‌కు పెట్టాలనుకున్న డబ్బును నేను ఎదురు దిక్కున ఖర్చు పెట్టాను. ధ్వనిని అంకెలుగా మార్చే డబ్బా కొన్నాను. మన జిల్లా ఇళ్లలో అటకల మీద ఎన్నో క్యాసెట్లు ఉన్నాయి. 1932లో ఓరుగల్లులో పుట్టి ఒక్క గొంతుతో వందల గొంతులు పలికించిన నేరెళ్ల వేణుమాధవ్ 2018లో పోయారు. ఒగ్గు కథను ఊరూరా వినిపించిన జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య 2017లోనే పోయారు. వాళ్ల కార్యక్రమాలను టేపులో పట్టుకున్నవాళ్లు, తాతమ్మ పాడిన పాటలను, పెళ్లిలో మోగిన డోలును దాచుకున్నవాళ్లు మనలో ఉన్నారు. డాక్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. టేపు ఏటేటా చెడిపోతూనే ఉంటుంది.

చేయాల్సింది కష్టమేమీ కాదు. టేప్ రికార్డర్ హెడ్డును స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. హెడ్డు పక్కనున్న చిన్న మరను మెల్లగా తిప్పి, తాళాలు తేటగా వినపడే చోట ఆపండి. రికార్డు చేసేటప్పుడు 24 బిట్లు పెట్టండి. డోలు దెబ్బ ఒక్కసారిగా లేచినా చిట్లకుండా లెవెల్ తగ్గించి పెట్టుకునే వెసులుబాటు ఉంటుంది కాబట్టి, ఆ ఎక్కువ బిట్లు నిజంగా పనికొచ్చేది అక్కడే. ఒక కాపీ ఇంట్లో, ఇంకొకటి వేరే ఇంట్లో దాచండి. మీ డాక్ నిశ్శబ్దంగా పనిచేస్తుంటే దాన్ని అలాగే ఉండనిచ్చి, ఈ ఆదివారం అటక మీది క్యాసెట్ల పెట్టె దించండి.