నిజాం ఇవ్వకపోయి ఉంటే?

పిల్లలూ, నేను నంద్యాలలో చరిత్ర పాఠం చెప్పే రోజుల్లో ఒక అబ్బాయి లేచి, "సార్, 1800లో నిజాం మన సీమను కుంపిణీకి ఇవ్వకపోయి ఉంటే ఏమయ్యేది?" అని అడిగాడు.

"జరగనిది పరీక్షలో అడగరు. కూచో అబ్బీ!" అన్నాను. తరగతి అంతా నవ్వింది. వాడు మళ్ళీ ఎన్నడూ ప్రశ్న వేయలేదు. హెడ్మాష్టరుగా రిటైరై ఆళ్లగడ్డలో ఇంటిపట్టున ఉన్నా, ఆ నవ్వు నా చెవిలోనే ఉంది. అందుకని ఆ జవాబు మీకు చెబుతాను.

ముందు జరిగినది వినండి. టిప్పు సుల్తానుతో 1792లోనూ, 1799లోనూ ముగిసిన యుద్ధాలలో నిజాం అలీఖాన్ ఇంగ్లీషువారి పక్షాన ఉన్నాడు. అతని వాటాకు కడప, బళ్ళారి ప్రాంతాలు వచ్చాయి. అయితే ఈస్టిండియా కుంపిణీ అతని రక్షణకని సైన్యం పెట్టి, ఖర్చు అతనే భరించాలన్నది. ఏటేటా డబ్బు కట్టలేక, 1800 అక్టోబరులో ఆ సీమనంతా రాసి ఇచ్చేశాడు. దానికి దత్తమండలమని పేరు పడింది. అక్కడి జనాన్ని అడిగినవారు లేరు.

ఇందులో ఒక తమాషా ఉంది. కోవెలకుంట్ల నేరుగా కుంపిణీ చేతికి పోయింది. పక్కనున్న నంద్యాల, సిరివెళ్ల తాలూకాలు మాత్రం కర్నూలు నవాబు కిందనే ఉన్నాయి. మా ఆళ్లగడ్డ సిరివెళ్ల తాలూకాలోదే. నవాబు కట్టే కప్పం మాత్రం నిజాముకు బదులు కుంపిణీకి చేరసాగింది. చివరకు 1839లో, నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో రహస్యంగా ఆయుధాలు దాచాడని అతన్ని పట్టుకుని, ఆ సీమనూ కలిపేసుకున్నారు.

ఇక నిజాం ఇవ్వకపోయి ఉంటే? బాకీ పడేవాడని నా అనుమానం. మరొక సైన్యం ఖర్చు బాకీ పడినందుకే 1853లో బేరారును కుంపిణీకి అప్పగించవలసి వచ్చింది గదా! మన వంతు కొంత ఆలస్యంగా వచ్చేదేమో. అప్పుడూ రాకపోతే 1948 సెప్టెంబరు దాకా మనం హైదరాబాదు సంస్థానంలో ఉండేవాళ్లం. మన పెద్దలు బడిలో ఉర్దూ చదివేవారు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయ్యేది కాదు. మన్రో దొర కలెక్టరుగా వచ్చి పాలెగాళ్లను అణచేవాడు కాదు. పాలెగాళ్ల వంశంలో పుట్టి, 1846లో తిరగబడి, మరుసటి ఏడు కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ మరోలా ఉండేది. నిజాం కింద రైతు సుఖపడేవాడని మాత్రం అననులెండి. తెలంగాణా రైతులు ఎందుకు తిరగబడ్డారో మీ ఇంట్లో పెద్దలను అడగండి.

మరొక మాట. "దత్త" అనిపించుకోవడం మనవారికి నామోషీగా ఉండేది. 1928 నవంబరులో మన నంద్యాలలోనే జరిగిన మహాసభలో చిలుకూరి నారాయణరావుగారు "రాయలసీమ" అనే పేరు సూచించారు. 1800లో ఆ కాగితం మీద సంతకం పడకపోతే, ఈ పేరు పెట్టవలసిన అవసరమే వచ్చేది కాదు.

ఆనాటి అబ్బాయికి ఇప్పుడు మీ ఈడు పిల్లలుంటారు. వారిలో ఎవరైనా ఇది చదువుతూ ఉంటే, మీ నాన్నకు చూపించండి. ఇంకేమైనా అడగాలనుంటే ఆళ్లగడ్డకు రమ్మన్నానని చెప్పండి.