కింది చెయ్యి

మాదాపూర్‌లో ఎవరో మొదటి ఎగ్జిబిషన్ పెట్టారట, చూసి రాయమన్నారు ఎడిటర్. సైబర్ టవర్స్ నుంచి నడిచివెళ్లేంత దూరంలో, ఓ ఆఫీసు భవనం మూడో అంతస్తులో చిన్న హాలు. పేరు రాయొద్దంది ఆ కళాకారిణి. ఊళ్లో నాన్నకింకా తెలియదట.

గోడల మీదివి సగం నాకు నచ్చలేదు. పగిలిన అద్దాలు, పాత ఫొటోల మీద ఎర్రగీతలు, ఇలాంటివి చాలాచోట్ల చూశాం. నేను మాత్రం హాలు మధ్యలో పెట్టిన మగ్గం దగ్గరే కూర్చుండిపోయాను.

పెళ్లి జాకెట్లకు వర్క్ చేస్తారే, ఆ మగ్గమే. ఆమె ట్రాన్స్ మహిళ. ఇల్లు వదిలి వచ్చాక ఓ బొటీక్‌లో ఈ పనితోనే బతికింది. బిగించిన గుడ్డ పైన కుడిచేతిలో ఆరీ సూది, గుడ్డ కింద ఎడమచేతిలో దారం. సూది కొక్కెం కిందికి దిగగానే ఎడమచెయ్యి దారం తగిలిస్తుంది, పైన గొలుసుకుట్టు పాకుతుంది. కింది చెయ్యి ఎవరికీ కనపడదు. అది ఒక్క క్షణం తడబడితే పైన పనంతా ఆగిపోతుంది.

జరీతో ఒక పేరు కుడుతోంది. చనిపోయిన స్నేహితురాలు తనకు తాను పెట్టుకున్న పేరు. చివరి అక్షరం అయ్యాక ముడి వెయ్యలేదు. కొస పట్టుకుని లాగింది. "ముడి లేకుంటే మొత్తం వస్తదక్కా," అంది. సరసరా వచ్చేసింది. గుడ్డ మీద సూది బెజ్జాలు మిగిలాయి. మళ్లీ ఆ పక్కనే మొదలుపెట్టింది.

ఆ స్నేహితురాలు ఆస్పత్రిలో పోయింది. ఏళ్లుగా గుమ్మం తొక్కనివ్వని అన్నదమ్ములు కబురందగానే వచ్చారు. జుట్టు కత్తిరించి, ప్యాంటు చొక్కా తొడిగి, పాత పేరుతో దహనం చేశారు. పక్కనుండి మందులు తాగించిన ఈమెలాంటి స్నేహితులను శ్మశానం గేటు బయటే నిలబెట్టారు. 2019 ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం ప్రకారం తెచ్చుకున్న గుర్తింపు కార్డు ఆమె బ్యాగులోనే ఉంది.

నా వెనక ఇద్దరు, మెడలో ఐడీ కార్డులు. "జూన్‌లో పెట్టుంటే మా కంపెనీయే స్పాన్సర్ చేసేది, ప్రైడ్ బడ్జెట్ ఉంటుంది కదా." ఒళ్లు మండింది. ఏడవడానికి కూడా క్వార్టర్ చూసుకోవాలా?

ఇక చట్టాల సంగతి. నిజాం కాలంలో, 1919లో చేసిన చట్టం ఈమెలాంటివాళ్లు ఆడబట్టలతో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చంది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో! అదే ఏడాది అక్టోబరులో, హైదరాబాద్ జంట సుప్రియో, అభయ్ ముందుండి నడిపిన కేసులో, స్వలింగ వివాహాన్ని గుర్తించలేమంది సుప్రీంకోర్టు. ఆ తర్వాత 2024లో కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకు ఉత్తరం రాసింది: దగ్గరి బంధువులు అందుబాటులో లేకపోతే భాగస్వామికి శవాన్ని అప్పగించవచ్చని. లేకపోతే! ఇక్కడ బంధువులు ఉన్నారు, వచ్చారు, గొడవంతా అదే. పైగా ఈమె భాగస్వామి కూడా కాదు, స్నేహితురాలు. హిజ్రా జమాత్‌లలో గురువు పోతే శిష్యులైన చేలాలు శోకం పాటిస్తారు. ఆ బంధుత్వం రాసుకోవడానికి ఆస్పత్రి రిజిస్టర్‌లో గడి లేదు. బతికున్నవాళ్ల పేరు మార్చడానికి చట్టం చేసినవాళ్లకు, చచ్చినవాళ్ల పేరు కాపాడాలని తోచలేదు.

ఇది ఆమెతో అంటే తల ఎత్తకుండానే నవ్వింది. "గవన్నీ మీరు రాయుండ్రి. నాకు చెయ్యి ఆగితే కుట్టు పోతది."

బెజ్జాల గుడ్డ ధర అడిగినవాళ్లు నేనున్నంతసేపూ ఎవరూ లేరు. పట్టుచీర కట్టుకున్న ఒకావిడ మాత్రం మగ్గం చుట్టూ తిరిగి, కుట్టును దగ్గరగా చూసి, "ఏమ్మా, బయట ఆర్డర్లు తీసుకుంటావా? మా అమ్మాయి పెళ్లి ఉంది" అంది. నాకు కోపమొచ్చింది. ఆమెకు రాలేదు. సూది గుడ్డలో గుచ్చి పెట్టి, కూర్చున్నచోటే సర్దుకుని అడిగింది.

"చేతులకేనా అమ్మా, వీపుకు కూడానా?"