కొడల గరువు మీద, పల్లంలో

బరంపురంలో ఎక్కిన బస్సు పురుషోత్తంపురం మీదుగా కొడల వైపు తిరిగింది. ఆగస్టు నెల. ఋషికుల్యలో నీటికన్నా ఇసుకే ఎక్కువ కనబడింది.

ఒడిశాలోని ఈ గంజాం జిల్లాలో వాన తక్కువేమీ కాదు. ఏడాదికి 1,300 మిల్లీమీటర్ల దరిదాపుల్లో, అంటే మన అనంతపురానికి రెండింతల పైచిలుకు పడుతుంది. కష్టమంతా అది పడే తీరులో ఉంది. జూన్‌లో ఆశపెట్టి, జులైలో మొహం చాటేసి, అక్టోబరులో తుఫానై మీద పడుతుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. అయిదేళ్ళకే తిత్లీ వచ్చింది. ఒకే పంటకాలంలో కరువుకీ వరదకీ కాచుకోవాల్సిన రైతు ఇక్కడివాడు.

కొడల శివార్లలో తెలుగు మాట్లాడే పెద్దాయన ఒకరు పొలానికి తీసుకెళ్ళారు. సాగుచేసే రెండెకరాలూ మూడు చోట్ల. గరువు మీద చోళ్ళు, నడిమి మడిలో సహభాగి వరి, పల్లంలో స్వర్ణ సబ్-1.

"వాన తక్కువైతే పల్లం పండుతాది, ఎక్కువైతే గరువు పండుతాది. రెండూ ఒకేపాలి పోవు, బాబూ" అన్నారు.

నడిమి మడిలో వంగి మన్ను పెళ్ళ ఒకటి లేపి చూపించారు. పైన నెర్రెలు, వేలెడు కింద ఇంకా చెమ్మ. ఇక్కడ చాలామంది పొడి దుక్కిలో విత్తనం వెదజల్లుతారు. నెల దాటాక మడిలో నీళ్ళు నిలిస్తే, మొలిచిన వరిలోనే నాగలి తేలిగ్గా తిప్పుతారు. కలుపు అణుగుతుంది, ఒత్తుగా ఉన్న మొక్క పలచబడుతుంది. ఆ నీళ్ళు వేళకి రాకపోతే కలుపుదే రాజ్యం. ఈసారి రాలేదు. ఆయన భార్య, కోడలు వంచిన నడుం ఎత్తకుండా కలుపు తీస్తున్నారు. కొడుకు సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేస్తున్నాడు.

సహభాగి 105 రోజుల పంట, కాస్త బెట్టకి తట్టుకుంటుంది. జూన్‌లో చల్లితే తుఫానుల నెలకి ముందే ఇంటికొస్తుంది. స్వర్ణకి నలభై రోజులు అదనం. అది మన పశ్చిమ గోదావరి మారుటేరులో పుట్టిన ఎంటీయూ 7029. నీట మునిగినా రెండు వారాల దాకా బతికే గుణాన్ని అందులోకి తెచ్చి 2009లో స్వర్ణ సబ్-1గా విడుదల చేశారు. ఆ గుణమిచ్చిన పాత వరి ఒడిశాదే. ఈ పల్లం గట్టు మీద నిలబడి ఆ సంగతి తలచుకుంటే ఒళ్ళు పులకరించింది.

కానీ విత్తనం ఒక్కటే గట్టెక్కించదు. కౌలుకి చేసేవాళ్ళ పేరు కాగితాల్లో ఉండదు. ఒడిశా భూసంస్కరణల చట్టం కౌలుని దాదాపు నిషేధించింది కనక, పంట పోతే పరిహారం భూమి ఎవరి పేరున ఉంటే వాళ్ళ చేతికే వెళ్ళే ప్రమాదం ఉంది. పెద్దాయన పల్లం మడి కౌలుదే.

"మీరు రాసేవారు కదా, చెరువు పూడిక సంగతి రాయండి" అన్నారు తిరిగొస్తుంటే. పూడిక తీసి చెరువు నిండితే ఆగస్టు బెట్టలో ఒక్క తడి ఇవ్వచ్చట. కోతకి ముందు పెసలు జల్లుకుంటే రెండో పంటకి కూడా చెమ్మ చాలుతుందని ఆయన లెక్క.